తమ్ముడి బొడ్డుతాడు

మినమతా,
2005 మార్చి 6

చెల్లి కినుయోకి,

అక్క దీవెనలు. నువ్వు చెప్పినట్టే ఇంటికి కాకుండా నువ్వు పనిచేసే కుట్టుకొట్టు చిరునామాకు రాస్తున్నాను. ఫోను చెయ్యొద్దన్నావు, చెయ్యలేదు. పద్నాలుగేళ్ల కిందట అమ్మ పోయినప్పుడు వచ్చి నువ్వు పెట్టిన షరతులివి. ఒక్కటీ తప్పలేదు. అక్క మాటంటే మాటే.

ఇక్కడ నారింజ కోతలు అయిపోవచ్చాయి. మీ బావ మోకాళ్లు పట్టుకుని కూర్చుని, చెట్టెక్కేవాళ్లకు కింద నుంచి సలహాలిస్తున్నాడు. ఆ సలహాలు భరించలేక కూలీలు త్వరగా పని ముగించేశారు. లాభమే.

విషయానికి వస్తాను. తమ్ముడు తెత్సుజికి నలభై ఏడు నిండబోతున్నాయి. ఈ చలికాలం నుంచి వాడికి మింగుడు పడటం లేదు. అన్నం మెత్తగా నలిపి పెట్టినా దగ్గు. వాణ్ణి ఎత్తి స్నానం చేయించడం నా వల్ల కావడం లేదు. నాకు అరవై రెండు. నా తర్వాత వాడి గతేమిటన్నది పడుకున్నా లేచినా అదే ఆలోచన.

కొండ మీద బాధితుల ఆశ్రమం ఉంది. మంచి నర్సులున్నారు. కానీ ఫ్యాక్టరీ సముద్రంలోకి వదిలిన పాదరసం చేపల్లో చేరి, దాని వల్లే ఇలా పుట్టారని ప్రభుత్వం ఒప్పుకున్నవాళ్లకే అక్కడ చోటు. వాడికి ఆ గుర్తింపు లేదు. ఎందుకు లేదో నీకు తెలుసు. నాన్న రేవు పెద్ద. 'మన రేవులో ఆ జబ్బు లేదు, ఉందన్నవాడి చేప ఎవడూ కొనడు' అని పది మంది నోళ్లు మూయించిన మనిషి, సొంత కొడుకుని డాక్టరు దగ్గరికి ఎలా తీసుకెళ్తాడు? పుట్టుకలోపం అని రాయించి ఊరుకున్నాడు.

కోర్టు తీర్పు వచ్చాక మళ్లీ దరఖాస్తులు తీసుకుంటున్నారు. ఎండిన బొడ్డుతాడు ఉంటే, తల్లి కడుపులో ఉండగా బిడ్డకు ఎంత విషం చేరిందో అందులో కొలిచి చెప్పేస్తారట. అంతకు మించిన సాక్ష్యం లేదన్నాడు ఆఫీసులో గుమాస్తా. అమ్మ మన ముగ్గురివీ చెక్కపెట్టెల్లో దాచింది కదా. నాది నా బీరువాలో ఉంది. తెత్సుదీ నీదీ కలిపి నీ పెళ్లికి నీ చేతికిచ్చానని పోయే ముందు అమ్మ నాతో చెప్పింది. డాక్టర్లు బొడ్డుతాళ్లు అడుగుతున్నారని తెలిసి నాన్న వాడిది కాల్చేస్తాడేమోనని భయపడిందట. పిచ్చి తల్లి, ఆయనకు ఎదురు చెప్పకుండానే ఎంత పని చేసిందో చూడు.

ఆ పెట్టె పంపు. జూలై నెలాఖరు గడువు.

అక్క
ఫుసాకో

*

ఒసాకా,
మార్చి 20

అక్కయ్యకు,

నమస్కారాలు. ఉత్తరం అందింది. తమ్ముడికి అలా ఉందని చదివి మనసు పాడైపోయింది. గంజిలో కొంచెం చిలగడదుంప పిండి కలిపి చిక్కగా పెట్టి చూడు. మా అత్తగారి ఆఖరి రోజుల్లో అలాగే పెట్టేదాన్ని.

పెట్టె సంగతి. ఉంది. ఎక్కడో ఉండే ఉంటుంది. ఇల్లు మారినప్పుడు సామాను చాలావరకు పెరటి కొట్టులో పడేశాం. అది తెరిస్తే ఒక పూటతో అయ్యేది కాదు. మా ఆయన షోహెయ్ ఇంట్లో లేనప్పుడు చూడాలి. వెతికి చెబుతాను.

మా మనవడు నడుస్తున్నాడు. బావగారి మోకాళ్లకు వేడినీళ్ల కాపడం మంచిది.

నీ చెల్లి
కినుయో

*

మినమతా,
ఏప్రిల్ 17

కినుయోకి,

ఉందన్నావు, అదే పదివేలు. నీ ఉత్తరం తెత్సుకి చదివి వినిపించాను. చిలగడదుంప మాట రాగానే నవ్వాడు. చిన్నప్పుడు వాడి వాటా నువ్వు తినేసేదానివని గుర్తున్నట్టుంది. వాడికి మాట రాదు గాని మనమన్నది ఒక్కటీ పోదు. ఊళ్లో అందరూ వాడి ముందు ఏం మాట్లాడినా ఫరవాలేదనుకుంటారు. ఈ ఊరి గుట్లన్నీ వాడి దగ్గరే ఉన్నాయి.

నీకు ఒక సంగతి చెప్పలేదు. రెండేళ్లుగా ఊరు చూడటానికి వచ్చేవాళ్లకు పార్కు పక్క హాల్లో మా ఇంటి కథ చెబుతున్నాను. నెలకు నాలుగైదు సార్లు. నాలాంటివాళ్లం పది మందిమి ఉన్నాం. మొదట్లో మీ బావ "ఇంట్లో గొడవ చాల్లేదా, మైకు కూడానా" అన్నాడు. ఇప్పుడు తనే హాలుదాకా దింపుతాడు. తెత్సు కూడా వస్తాడు. వాడు రంగులద్దిన కార్డులు వచ్చినవాళ్లకు పంచుతాడు. ఒక్కో కార్డుకు వారం పడుతుంది వాడికి.

నీ పేరు ఎక్కడా చెప్పను, కంగారు పడకు. కానీ ఇప్పుడు కథలో ఒక ముక్క కలిపాను. 'మా చెల్లెలు పరాయి ఊళ్లో, ఎవరికీ చెప్పుకోలేక, తమ్ముడి బొడ్డుతాడు ముప్పై అయిదేళ్లుగా కడుపులో పెట్టుకుని కాపాడుతోంది' అంటాను. అప్పుడు జనం కళ్లు తుడుచుకుంటారు. నిన్ను చాలాసార్లు తిట్టుకున్నానే కినూ. నాన్న పోతే రాలేదని, అమ్మకు వచ్చినా మూడో రోజే వెళ్లిపోయావని. అవన్నీ ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను.

నువ్వు తీరిక లేక ఇబ్బంది పడుతుంటే మే నెలాఖరుకి సన్నచేపల వేట తగ్గుతుంది, నేనే వస్తాను. కొట్టు ఇద్దరం కలిసి వెతుకుదాం. పొరుగావిడనని చెప్పు మీ ఆయనతో, నాకేం. ఎండబెట్టిన చేపలు ఒక సంచీ పంపుతున్నాను. ఇప్పుడు మన సముద్రపు చేప ఎవరైనా తినొచ్చు, పరీక్ష కాగితం కూడా పెట్టాను.

అక్క

*

ఒసాకా,
మే 8

అక్కయ్యకు,

దయచేసి రాకు. షోహెయ్‌కి ఒంట్లో బాగాలేదు. కొత్తవాళ్లు ఇంటికి వస్తే చికాకు పడుతున్నాడు. కొట్టు నేనే చూస్తాను, సగం అయింది. ఇంకో మాట, హాల్లో ఆ ముక్క చెప్పకు. నన్ను అంత పొగడక్కర్లేదు. నేను మంచిదాన్ని కాదు.

చేపలు కుట్టుకొట్టులో అందరికీ పంచాను. ఏ ఊరివని అడిగారు. ఊరి పేరు చెప్పకుండా క్యూషూ దీవి నుంచి అన్నాను.

కినుయో

*

మినమతా,
జూన్ 12

కినుయోకి,

మరిదిగారి ఆరోగ్యం ఎలా ఉంది? నీ ఉత్తరం పొడిగా ఉంటే మొదట కోపం వచ్చింది. మీ గుమ్మం తొక్కొద్దనడానికి ఆయన జబ్బు అడ్డం పెట్టుకున్నావనుకున్నాను. తర్వాత మీ బావ అన్నాడు: "మగాడు మంచాన పడితే ఆడదానికి ఉత్తరం రాసే తీరికెక్కడిది? నేను మోకాలు నొప్పంటేనే నువ్వు ఊరంతా మోసినట్టు చేస్తావు." అదీ నిజమే. క్షమించు. పొగడొద్దన్నావు కదా, అది మాత్రం వినను. ఆ మాట రాసే మనిషినే పొగడాలి.

పోయిన శనివారం హాల్లో ఒక గొడవ జరిగింది. ఒసాకా నుంచే ఎవరో మహిళా సంఘం వాళ్లు, ముప్పై మంది దాకా బస్సులో వచ్చారు. మీ పేటవాళ్లేమో కూడా. నేను నాన్న సంగతి, తెత్సు పుట్టినప్పటి సంగతి, నీ పెట్టె సంగతి అంతా చెప్పాను. బాగా విన్నారు. నాకు కుడికన్నుకి శుక్లం ముదిరింది, వేదిక మీద నుంచి చూస్తే మనుషులు మసకగా, టోపీలు మాత్రం కనిపిస్తాయి.

చివర్లో తెత్సు కార్డులు పంచుతూ పంచుతూ, ముక్కుకు గుడ్డ కట్టుకున్న ఒకావిడ చొక్కా చేతిని పట్టుకున్నాడు. పట్టుకున్నవాడు వదలడు! మూలుగుతున్నాడు, ఏడుస్తున్నాడు, నోట్లోంచి చొంగ ఆవిడ చేతి మీద. హాలు అమ్మాయిలు ఇద్దరు వచ్చి వేళ్లు ఒక్కొక్కటే విడదీశారు. పక్కావిడ "పాపం, నిన్నెవరనుకున్నాడో" అంటే ఆవిడ "ఏమో, నాకేం తెలుసు" అని గబగబా బస్సెక్కేసిందట. ఎంత భయపడిందో. వాడెప్పుడూ అలా చెయ్యలేదు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ సంఘానికి క్షమాపణ ఉత్తరం రాయాలనుకుంటున్నాను. ఆ రోజు నుంచి వాడు సరిగ్గా తినడం లేదు. తిట్టానని అలిగాడేమో. అవును, తిట్టాను. "ఊళ్లోవాళ్ల ముందు పరువు తీశావు" అన్నాను, నాన్న అన్నట్టే.

నెలాఖరులోగా పెట్టె పంపు. ఆఫీసులో మూడుసార్లు అడిగారు. 'మా చెల్లి దగ్గర భద్రంగా ఉంది' అని మూడుసార్లు చెప్పాను.

అక్క

*

ఒసాకా,
జూన్ 20

అక్కయ్యకు,

క్షమాపణ ఉత్తరం రాయకు. ఆ గుడ్డ కట్టుకున్న మనిషిని నేనే.

ఇది మూడోసారి రాస్తున్నాను, రెండు చింపేశాను. వరసగా చెప్పేస్తాను, మధ్యలో ఆగితే మళ్లీ అబద్ధం ఆడతానని భయంగా ఉంది.

యాత్ర మా సంఘంవాళ్లు పెట్టారు. 'విషం కక్కిన సముద్రం బాగుపడ్డ ఊరు' అని కాగితం పంచారు. రానంటే ఎందుకని అడుగుతారు. నేను ఏ ఊరిదాన్నో వాళ్లకు తెలీదు, షోహెయ్‌కీ తెలీదు. ముప్పై అయిదేళ్లుగా హితోయోషి కొండల్లో పుట్టానని చెబుతున్నాను. నదీ, వేడినీటి బుగ్గలూ అని కథలు కూడా చెప్పాను మా అబ్బాయికి. షోహెయ్‌కి జబ్బు లేదు, రాయిలా ఉన్నాడు.

బస్సు మన మలుపు దిగుతుంటే, మనం గవ్వలు ఏరుకున్న చోటంతా పూడ్చేసి పచ్చిక పరిచి ఉంది. అందరూ "ఎంత బాగుందో" అన్నారు. నేనూ అన్నాను. భోజనంలో సన్నచేపల అన్నం పెట్టారు. నా పక్కన కూర్చున్న హిసానో "ఇది తినొచ్చంటావా?" అని నా చెవిలో అడిగింది. నేను చాప్‌స్టిక్స్ కింద పెట్టేశాను. అక్కయ్యా, నువ్వు పంపిన చేపలు కూడా నేను తినలేదు. పంచానని రాశాను, పంచలేదు కూడా.

హాల్లో చివరి వరసలో కూర్చున్నాను. నువ్వు మైకు దగ్గరికి వచ్చావు. అమ్మ నడిచి వచ్చినట్టే ఉంది. నువ్వు నన్ను పొగిడావు. హిసానో ఏడుస్తూ "ఎంత మంచి చెల్లెలో" అని నాకు రుమాలు ఇచ్చింది. నేల విచ్చుకుంటే బాగుండునని మాటవరసకే అంటారనుకునేదాన్ని. ఆ రోజు నిజంగా కిందకి చూశాను.

మొహం సగం గుడ్డతో మూసుకున్నా తమ్ముడు నన్ను పోల్చుకున్నాడు. నేను వాణ్ణి ఎరగనన్నాను. వాడు వింటుండగానే అన్నాను.

ఇక పెట్టె. లేదు. కొట్టులో వెతకడం అంతా అబద్ధం. పెళ్లయిన ఏడాదే, సంవత్సరాంతం ఇల్లు దులిపే రోజు, అత్తగారు నా పెట్టెలోని బట్టలు తీసి ఎండలో వెయ్యమన్నారు. అడుగున ఆ రెండు పెట్టెలూ ఉన్నాయి. మూత మీద అమ్మ చేతి రాత: పేరు, పుట్టిన తేదీ, మన ఊరు, మన రేవు. ఆ రోజుల్లో ప్రతి రోజూ పేపర్లో ఆ ఊరే కదా. ఆవిడ రెండో గది దులుపుతూ వస్తోంది. నేను స్నానాలగది పొయ్యి మండించే పని పెట్టుకుని, రెండూ కట్టెలతో పాటు లోపల పెట్టేశాను. నాది చూసుకుని ఏడవలేదు. వాడిది ముందు తీసి ఒక్కసారి తెరిచి చూశాను. ఎండు వేరు ముక్కంత ఉంది. మళ్లీ మూసి పెట్టేశాను. ఆ సాయంత్రం మామగారు స్నానం చేసి వచ్చి "ఇవాళ నీళ్లు భలే కాగాయి, కోడలు గట్టిదే" అన్నారు.

నాన్న ఎక్కడ కాలుస్తాడోనని అమ్మ నాకిచ్చింది. నేను కాల్చాను.

నన్ను ఏమైనా అను.

కినుయో

*

మినమతా,
జూలై 14

కినుయో,

దీవెనలు రాయడానికి చెయ్యి రాలేదు. రాయలేదు.

మూడు వారాలు నీకు జవాబివ్వకపోవడానికి కారణం కోపం. మొదటి వారం మీ బావను తిట్టాను, రెండో వారం పోయిన నాన్నను తిట్టాను. చేప కొనరని ఆయన నోరు మూసుకున్నాడు, కాపురం పోతుందని నువ్వు మూసుకున్నావు. ఒక్క తెత్సుకే నోరు లేదు, వాడొక్కడే ఏ తప్పూ చెయ్యలేదు. నీ ఊరు చెప్పుకోలేకపోయావు, సరే. ఆ రోజుల్లో మన ఊరి పిల్లంటే సంబంధాలు వెనక్కి పోయేవి, నాకు తెలీదా? పోనీ కాల్చావు, ఇరవై మూడేళ్ల పిల్లవి, భయం. కానీ మొన్న మార్చి నుంచీ 'వెతుకుతున్నాను, సగం అయింది' అని రాసిన అరవై దగ్గరపడ్డ మనిషివి కూడా నువ్వే కదా. ఆ మూడు నెలలూ నేను ఇంకో సాక్ష్యం కోసం తిరిగేదాన్ని. అమ్మకు పురుడు పోసిన మంత్రసాని ఏప్రిల్‌లో పోయింది. మార్చిలో అడిగి ఉంటే ఆవిడ రాసి ఇచ్చేది. అది నాకు మింగుడు పడటం లేదు.

ఇప్పుడు నా సంగతి విను. నీ ఉత్తరం వచ్చాక మొన్న స్కూలు పిల్లలు వచ్చారు, ఆరో తరగతివాళ్లు. కథ చెబుతూ నీ పెట్టె దగ్గరికి వచ్చాను. నిజం చెప్పాలి. రెండేళ్లుగా ఆ మైకు ముందు నేను చెప్పేది ఒకటే, 'దాచడం వల్లే మా ఊళ్లో ఇంతమంది పోయారు' అని. నోరు తెరిచాను. 'మా చెల్లి భద్రంగా కాపాడుతోంది' అనేశాను. ఒక పిల్ల చెయ్యెత్తి "మామ్మగారూ, దాన్ని ఎప్పుడు తీసుకొస్తారు?" అంది. "త్వరలోనే" అన్నాను. తెత్సు పక్కనే చక్రాల కుర్చీలో ఉన్నాడు. నేను మీ బావ మీద అరిచినప్పుడు అంతా విన్నాడేమో, వాడు నా వైపు చూడలేదు. నేల చూపులు చూశాడు. నా గురించి వాడు సిగ్గుపడటం నేనెప్పుడూ చూడలేదు. నిన్ను తిట్టే నోరు నాకు అక్కడితో పోయింది.

అందుకే రాస్తున్నాను. ఆఫీసు గుమాస్తా ఒక మాట చెప్పాడు. పెట్టె పోతే, అది ఎవరి దగ్గర ఉండేదో ఆ మనిషి ఎలా పోయిందో సొంత చేత్తో రాసి, పుట్టింటి పేరూ పుట్టిన ఊరూ వేసి సంతకం పెట్టాలి. చెల్లుతుందో చెల్లదో వాళ్లకే తెలీదు. చెల్లినా ఆ కాగితం ఎవరైనా చూడొచ్చు, దాచిపెట్టరు. ఇరవై ఏడో తారీఖు బుధవారం ఆఫీసుకు రమ్మన్నారు. వస్తావో రావో నీ ఇష్టం.

వస్తే ముందు తెత్సుకి చెప్పు. నేను వాడికి చెప్పలేదు, చెప్పను. వాణ్ణి ఎరగనన్నది నువ్వు. ఆ మాట నువ్వే వెనక్కి తీసుకోవాలి.

ఫుసాకో

*

ఒసాకా,
జూలై 30

అక్కయ్యకు,

నువ్వు నన్ను గుమ్మంలోకి రానిచ్చి, తమ్ముడి గది చూపించి, బయటికి వెళ్లిపోయావు. ఆఫీసులోనూ మూడు కుర్చీల అవతల కూర్చున్నావు. బస్సు దగ్గర బావగారు మాత్రం నారింజలు ఇచ్చి "అది ఏడుస్తోందిలే, అందుకే రాలేదు" అన్నారు. గదిలో ఏం జరిగిందో నీకు చెప్పేవాళ్లు లేరు. వాడు చెప్పలేడు. అందుకని రాస్తున్నాను.

ముందు ఇంటి సంగతి. బయలుదేరే ముందు రోజు షోహెయ్‌తో చెప్పాను. కోపం వస్తే ఊరి గురించి వస్తుందనుకున్నాను. "ముప్పై అయిదేళ్లు కాపురం చేసి అత్తారి ఊరు ఏదో తెలీని వెధవనయ్యానా నేను?" అన్నాడు. తర్వాత "పసివాడి బొడ్డుతాడు పొయ్యిలో పెట్టావా? మా ఇంటి పొయ్యిలోనా?" అన్నాడు. అంతే. ఇవాళ్టికి ఆరు రోజులు, మాట్లాడటం లేదు. వండినది తింటున్నాడు, లేచి వెళ్లిపోతున్నాడు. దానికి నేను తగినదాన్నే.

తెత్సు కిటికీ వైపు తిరిగి ఉన్నాడు. వాడికి జుట్టు నెరిసిందని హాల్లో నేను చూడనేలేదు. నేల మీద కూర్చున్నాను. "తెత్సూ, నేను కినూని. హాల్లో నువ్వు పట్టుకున్నది నన్నే. నువ్వెవరో తెలుసు. తెలిసే తెలీదన్నాను" అన్నాను. వాడు కదల్లేదు. పెట్టె సంగతి చెప్పాను. అమ్మ ఎందుకు ఇచ్చిందో, నేను ఎప్పుడు, ఏ పొయ్యిలో పెట్టానో, మామగారు ఏమన్నారో కూడా చెప్పాను. ఏదీ తగ్గించలేదు. "నీ సాక్ష్యం ఇంక లేదు, నేనే లేకుండా చేశాను" అన్నాను. తల నేలకు ఆనించి ఉండిపోయాను.

పైన ఏదో బట్ట చప్పుడు. తల ఎత్తితే వాడు చొక్కా అంచు పట్టుకుని లాగుతున్నాడు. వేళ్లు వంగిపోయాయి కదా, జారిపోతోంది, మళ్లీ పట్టుకుంటున్నాడు. చెమటలు పట్టాయి. సాయం చేద్దామని వెళితే మోచేత్తో తోసేశాడు. చివరికి పొట్ట దాకా ఎత్తాడు. నా చెయ్యి లాక్కుని తన బొడ్డు మీద పెట్టి నొక్కాడు. పెట్టి, మొహమంతా వంకర తిప్పుకుని నవ్వాడు. రెండో కొస నా దగ్గరే ఉంది కదే పిచ్చిదానా, అన్నట్టు.

అక్కయ్యా, వాడు నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. చెయ్యి తీసేద్దామంటే తియ్యనివ్వలేదు. ఆ రోజు హాల్లో ఇద్దరు అమ్మాయిలు విడదీశారు, ఈసారి విడదీసేవాళ్లు లేరు. వాడి పొట్ట వెచ్చగా ఉంది, ఊపిరికి పైకీ కిందకీ కదులుతోంది. అలాగే గంటసేపు కూర్చున్నాను. నువ్వు తలుపు దగ్గర దగ్గి పిలిచేదాకా.

ఆఫీసులో నేను రాసిన కాగితం నువ్వు చదవలేదు. గుమాస్తా నకలు ఒకటి నాకిచ్చాడు, దీంతో పెడుతున్నాను. రెండు చోట్ల సిరా అలుక్కుపోయింది, అయినా చదవొచ్చు. హాల్లో ఆ పిల్లలు మళ్లీ అడిగితే ఇది చదివి వినిపించు. పేరు దాచకు.

ఈ ఉత్తరానికి జవాబు రాస్తే కుట్టుకొట్టుకి వద్దు, ఇంటికి రాయి. కవరు మీద నీ చిరునామా పూర్తిగా వెయ్యి. షోహెయ్ తీసుకుని నాకు ఇస్తాడు, లేదా ఇవ్వడు.

మినమతా రేవు, ఎగుచి వారి రెండో కూతురు
కినుయో